సాంబ్రాజ్యమ్మ రెండో ఆపరేషన్

2006వ సంవత్సరం, వానాకాలం మొదట్లో. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు సర్జికల్ ఆసుపత్రిలో నేను వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. పల్లెల్లో మిరపనారు పోసుకునే రోజులు కావడంతో వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉండేవి. మా వైపు రైతు కుటుంబాల వాళ్ళు పనుల కాలంలో ఆసుపత్రికి వచ్చారంటే, ఇక ఇంట్లో ఉండే వీల్లేకనే వచ్చారని అర్థం.

సాంబ్రాజ్యమ్మ అలాగే వచ్చింది. సత్తెనపల్లి దాటాక ఒక పల్లె ఆవిడది. భర్త వీరయ్య గారు ఒక రెక్క, తోటికోడలు ఒక రెక్క పట్టుకుని నడిపించుకొచ్చారు. ఏం తిన్నా, ఏం తాగినా వాంతి. దారిలో ఎప్పుడొస్తుందో తెలియదని మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి ఒళ్ళో పెట్టుకుని జీపులో వచ్చిందట. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. జుట్టు రాలిపోయి మాడు కనిపిస్తోంది.

“ఏమ్మా, ఏమైంది?” అన్నాను పల్స్ చూస్తూ.

“ఏమైందో చెప్పే ఓపికుంటే ఇంట్లోనే పడుండేదాన్నిగా తల్లీ!” అంది.

అంత నీరసంలోనూ ఆ నోరు చూసి నాకు నవ్వొచ్చింది. నేనేమీ మెత్తటి నర్సుని కాదు. నేను కేకేస్తే పక్క వార్డు పేషెంట్లు కూడా మాత్రలు వేసుకుంటారని మా డాక్టర్లు ఎగతాళి చేసేవారు. నాకు సరిజోడు నోరు ఇన్నాళ్ళకి దొరికిందనిపించింది. ఆ క్షణం నుంచే ఆవిడంటే నాకు ఇష్టం.

సంగతేమిటంటే, మూడేళ్ళ కిందట ఆవిడ హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. అప్పట్లో మా వైపు అదో వింత. దాన్ని గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటారు. జీర్ణాశయం పైభాగానికి ఒక సిలికాన్ పట్టీ బిగిస్తారు. పట్టీకి పైన చిన్న సంచి అంత చోటు మిగులుతుంది. కొంచెం తినగానే అది నిండి, ఇక చాలనిపిస్తుంది. ఆ పట్టీ నుంచి సన్నటి గొట్టం ఒకటి, పొట్ట చర్మం కిందుండే పోర్ట్ అనే చిన్న బిళ్ళ దాకా వస్తుంది. ఆ బిళ్ళలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది. మొదట్లో ఆవిడకి బాగానే పనిచేసింది. బరువు తగ్గింది, షుగరు దారికొచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలుగా ఈ వాంతులు. ఊళ్ళో దిష్టి తగిలిందన్నారు. మిరప రైతు ఇంట్లో దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలకు కరువా? రోజూ పొయ్యిలో వేసి ఇంటిల్లిపాదీ దగ్గారట.

మా సర్జన్ డాక్టర్ మురళి గారు తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయించారు. పట్టీ జారింది. కిందుండాల్సిన జీర్ణాశయం కొంత పట్టీలోంచి పైకి ఎగబాకింది. పైసంచి ఉబ్బిపోయి, తిండి కిందికి దిగే దారి ఇరుకైపోయింది. బ్యాండ్ వేయించుకున్న వాళ్ళలో కొందరికి ఇలా జరుగుతుందని, అందులో ఎవరి తప్పూ వెతకనక్కర్లేదని ఆయన వీరయ్య గారికి నిదానంగా చెప్పారు. పేషెంటు ఎవరైనా సరే, కాగితం మీద బొమ్మ గీసి చూపించడం ఆయన అలవాటు. ఆయన జీర్ణాశయం గీస్తే ఎప్పుడూ వంకాయలాగే వచ్చేది. సాంబ్రాజ్యమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ వంకాయ నాదేనా?” అంది. డాక్టరు గారు మొహమాటంగా నవ్వారు.

ముందు పోర్ట్‌లోకి సూది పెట్టి సెలైన్ మొత్తం లాగేశారు. నన్ను పిలిచి, థయామిన్ ఇంజెక్షన్ పడ్డాకే గ్లూకోజ్ పెట్టాలని చెప్పారు. థయామిన్ అంటే బి-వన్ విటమిన్. నెలల తరబడి వాంతులైన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి, నరాలకి ప్రమాదం. ఆ సాయంత్రం ఆవిడ చేత గుక్కెడు నీళ్ళు తాగించాం. ఆవిడతో సహా అందరం ఆ స్టీలు గిన్నె వంకే చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు లోపలే ఉండిపోయాయి. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ అటు తిరిగి తుడుచుకున్నాను.

మర్నాడు ఊరి నుంచి జనం దిగారు. మా వైపు రోగిని చూడ్డానికి ఒట్టి చేతులతో ఎవరూ రారు. బత్తాయిలు తెస్తారు, బ్రెడ్డు తెస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక బ్రెడ్డు ప్యాకెట్టు. మంచం పక్కన బల్ల మీద గోడలా పేర్చారు. రౌండ్లకి వచ్చిన డాక్టరు గారు ఆ గోడను చూసి ఆగిపోయారు.

“అమ్మా, ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం తింటున్నారు?”

“ఏం తింటానండీ, ఏదీ ఇమడందే! బ్రెడ్డే. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు, పడుకోబోయేముందు బ్రెడ్డు.”

“హైదరాబాదులో బ్రెడ్డు తినొద్దని చెప్పలేదా?”

“ఎందుకు చెప్పలేదూ, చెప్పారు. అది బాగున్నప్పుడు కదండీ! ఇప్పుడు జబ్బు చేసిందిగా. జబ్బు చేస్తే బ్రెడ్డు తినక బిర్యానీ తింటారా?”

డాక్టరు గారు కుర్చీలాక్కుని కూర్చున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ మాటలో తప్పేముంది? మా ఇళ్ళల్లో బ్రెడ్డంటే టిఫిను కాదు, మందు. జ్వరమొస్తే బ్రెడ్డు, కాన్పయితే బ్రెడ్డు, కాలు విరిగినా బ్రెడ్డే. కానీ బ్యాండ్ ఉన్నవాళ్ళకి బ్రెడ్డంత శత్రువు లేదు. నోట్లో దూదిలా ఉండే బ్రెడ్డు లోపల తడిసి, ముద్దకట్టి, ఆ ఇరుకు దగ్గర బిరడాలా బిగుసుకుంటుంది. వాంతి అవుతుంది. వాంతుల ఒత్తిడికి పట్టీ ఇంకాస్త జారుతుంది. వాంతి అయిందని ఇంట్లోవాళ్ళు జాలిపడి మళ్ళీ బ్రెడ్డే పెట్టారు. ఎంత ప్రేమగా పెట్టారో పాపం! తోటికోడలు పాలల్లో ముంచి మరీ తినిపించేదట. డాక్టరు గారు ఇదంతా విడమరిచి చెబుతుంటే ఆ తోటికోడలు మంచం కోడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“నీదేం తప్పు లేదులేవే” అంది సాంబ్రాజ్యమ్మ. “నువ్వు పెట్టకపోతే నేనే అడిగి తినేదాన్ని.”

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. పట్టీ వదులు చేయడం తాత్కాలికం. జారిన బ్యాండ్‌ని లోపల వదిలేయకూడదు. రివిజన్ కావాలి. ఒకసారి చేసిన ఆపరేషన్‌ని సరిదిద్దడానికి చేసే రెండో ఆపరేషన్ని రివిజన్ అంటారు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, బ్యాండ్ తీసేసి ఊరుకోవడం. అలా చేస్తే బరువు మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ. రెండోది, బ్యాండ్ తీసి బైపాస్ చేయడం. అంటే జీర్ణాశయంలో పైన చిన్న భాగాన్ని వేరుచేసి, పేగుని పైకి తెచ్చి దానికి కుట్టడం. బరువు తగ్గుతుంది, కానీ పెద్ద ఆపరేషన్. జీవితాంతం విటమిన్లు వాడాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి.

“రెండోదే చెయ్యండి. రేపే చెయ్యండి” అంది సాంబ్రాజ్యమ్మ.

“వద్దండీ” అన్నారు వీరయ్య గారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఒక్క మాట అనడానికే తువ్వాలు రెండుసార్లు దులిపి భుజం మీద వేసుకున్నారు. “ఆ పట్టీ తీసేసి మనిషిని ఇంటికి పంపండి. లావుగా ఉంటే నాకేం బరువా? నేనేమన్నా మొయ్యాలా?”

“నువ్వూరుకోవయ్యా! నా ఒళ్ళు నీకేం తెలుసు?”

డాక్టరు గారు ఇప్పుడు బైపాస్ కుదరదన్నారు. రక్తంలో ప్రొటీను బాగా పడిపోయింది. ఈ స్థితిలో పేగుకి వేసిన కుట్లు సరిగా అతకకపోతే ప్రాణం మీదికొస్తుంది. ముందు బ్యాండ్ తీసేసి, తిని బలం పుంజుకున్నాక బైపాస్ సంగతి ఆలోచిద్దామన్నారు. అంతే, సాంబ్రాజ్యమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

“చేస్తే రెండూ కలిపి చెయ్యండి. లేకపోతే నన్నిట్టాగే ఇంటికి పంపండి. సంతకం పెట్టను.”

నేను బతిమాలాను, కోప్పడ్డాను. “ఇట్టాగే వెళ్ళిపోతే ఏమవుద్దో తెలుసా?” అన్నాను.

“తెలుసులే. ఆ పట్టీ తీసేస్తే మళ్ళీ ఎట్టా అవుతానో కూడా తెలుసు. అట్టా అయ్యేకన్నా పోవడమే నయం.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “ఇదుగో, నా వార్డులో ఆ మాట అనడానికి వీల్లేదు!” అని అరిచాను. ఆవిడ తిరిగి అరవలేదు. అది చూసే నాకు భయమేసింది. డ్యూటీ రూములో డాక్టరు గారు కూడా మథనపడుతున్నారు. ఆవిడ అంతగా అడుగుతోంది కదా, ఒకే మత్తుతో, ఒకే కోతతో రెండూ అయిపోతాయి కదా అని ఆయనకీ ఒక మూల లాగుతోంది. మళ్ళీ రిపోర్టులు చూసుకుని తల అడ్డంగా ఊపేవారు. చివరికి, “బ్యాండ్ వదులు చేశాం కాబట్టి కొన్ని రోజులు టైముంది. ఈలోపు తిండి సంగతి చూడండి సిస్టర్” అన్నారు.

ఆ పని నేను కళ్ళలో వత్తులేసుకుని చేశాను. డైటీషియన్ చెప్పిన ప్రకారం ముందు పలచటి మజ్జిగ, పప్పుకట్టు, రాగిజావ. తర్వాత మెత్తగా ఉడికించిన గుడ్డు, చెంచాతో మెదిపిన పప్పన్నం. వచ్చిన బ్రెడ్డు వచ్చినట్టే మా క్యాంటీనుకి పంపాను. ఆ వారం స్టాఫందరం బ్రెడ్డు హల్వా తిన్నాం. ఆవిడ ఒక్కో చెంచా మింగి, ఆగి, లోపల ఏం జరుగుతుందోనని చెవిపెట్టి విన్నట్టు కూర్చునేది. నేను పక్కనే కూర్చుని మా చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళ తగాదాలు చెప్పేదాన్ని. ఆవిడకి కబుర్లంటే ప్రాణం. “ఆగాగు, ఆ మార్తమ్మ ఏమందీ?” అంటూ ఇంకో చెంచా మింగేది.

ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి లేచి కూర్చుని జడ వేసుకుంటోంది.

“అమ్మాయ్, ఆ డాక్టరు గారిని రమ్మను. మొన్న ఆయన చెప్పింది మళ్ళీ చెప్పమను.”

“మొన్న చెప్పారుగా?”

“మొన్న నాకేం చెవికెక్కింది? కడుపు కాలిపోతా ఉంటే ఎవరేం చెప్పినా తిట్టినట్టే ఉండిద్ది.”

డాక్టరు గారు వచ్చి మళ్ళీ వంకాయ గీశారు. ఈసారి ఆవిడ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. కుట్టు అతకకపోతే ఏం చేస్తారు, మాత్రలు ఆపేస్తే ఏమవుద్ది, బరువు పెరగడానికి ఎన్నాళ్ళు పట్టిద్ది. ఆఖరికి సూటిగా అడిగింది. “పట్టీ తీసి బైపాస్ చెయ్యడం మీకు బాగా అలవాటేనా?”

గదిలో నేనూ, ఇద్దరు జూనియర్లూ ఉన్నాం. మురళి గారు తడుముకోలేదు. “లేదమ్మా. బ్యాండ్ తీయడం నేను ధైర్యంగా చేస్తాను. కానీ ఇలాంటి బైపాస్ నేను ఒక్కడినే చేయను. ఆ రోజు వస్తే హైదరాబాదులో మా గురువు గారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.”

ఆవిడ చెయ్యి చాపింది. “ఇటివ్వండి ఆ కాగితం” అని సంతకం పెట్టింది.

థియేటర్లోకి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీంచి నా చెయ్యి పట్టుకుంది. “అమ్మాయ్, మళ్ళీ లావెక్కొస్తే తిట్టవుగా?”

“తిడతాను. తిట్టి, మళ్ళీ నేనే చూసుకుంటాను” అన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ, బ్యాండ్ తీసేశారు. కొద్దిరోజుల్లో ఇంటికెళ్ళిపోయింది. నెలనెలా చెకప్‌కి వచ్చేది. బుగ్గలు నిండాయి, జుట్టు మొలిచింది. ఆ వెనకే బరువూ వచ్చింది, షుగరూ పెరగసాగింది.

మరుసటి ఏడు మార్చిలో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఇద్దరూ వచ్చారు. వీరయ్య గారి బట్టలకంటుకున్న మిరప ఘాటుకి ఓపీలో అందరికీ తుమ్ములు. డాక్టరు గారు రిపోర్టులన్నీ చూశారు. “ఇప్పుడు మీరు గట్టిగా ఉన్నారు. బైపాస్ చేయించుకోవాలంటే ఇది మంచి సమయమే. వద్దనుకుంటే మందులతో, తిండితో ప్రయత్నిద్దాం. తొందరేం లేదు” అన్నారు.

“వద్దండీ” అన్నారు వీరయ్య గారు వెంటనే. “ఒకసారి చచ్చి బతికింది. మళ్ళీ నేను చూళ్ళేను.”

డాక్టరు గారు ఆవిడ వైపు తిరిగారు. “ఒక్కటి చెప్పండమ్మా. అసలు మొదటిసారి ఎందుకు చేయించుకున్నారు? మోకాళ్ళ కోసమా, షుగరు కోసమా?”

ఆవిడ భర్త వంక చూసి తల దించుకుంది. నోరు గలది, మొదటిసారి మాటలు వెతుక్కుంది.

“ఏం లేదండీ. కల్లాంలో ఆడోళ్ళందరూ నేల మీద చుట్టూ కూర్చుని తాలు కాయలు ఏరతారు. రంగుపోయిన కాయలన్నమాట. పొద్దస్తమానం ఏరతా, చెప్పుకోని సంగతి ఉండదు. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మొగుడు తాగొచ్చాడు, అన్నీ అక్కడే. నేనూ పెళ్ళయి వచ్చిన కాణ్ణుంచీ వాళ్ళ మధ్యే కూర్చున్నా. లావెక్కాక కింద కూర్చుంటే లేవలేకపోయా. అప్పుడు నాకు కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చున్నాక నేను వాళ్ళ చేత పని చేయించే ఆసామినైపోయా. నన్ను చూడగానే మాట ఆపేసి, వంచిన తల ఎత్తకుండా కాయలేరుకునేవాళ్ళు. మూడేళ్ళు ఆ కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్నానండీ.”

వీరయ్య గారు గొంతు సవరించుకున్నారు.

“ఆ కుర్చీ నేనేగదా తెచ్చిందీ? ప్లాస్టిక్‌ది ఆగదని సత్తెనపల్లిలో వెల్డింగు షాపు కాడ కూర్చుని, ఇనప పట్టీలతో చేయించా. నీకు సుఖంగా ఉండిద్దనుకున్నా.”

“నాకు తెలుసయ్యా. అందుకే చెప్పలేదు.”

ఆయన తువ్వాలు తీశారు. ఈసారి దులపలేదు, మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“ఈ ఏడు వాళ్ళతో కిందే కూర్చున్నానండీ” అంది ఆవిడ డాక్టరు గారితో. “ఇద్దరు చేతులు పట్టుకుని లేపుతున్నారు. ఇంకాస్త పెరిగితే ఇద్దరు చాలరు. నాకు సన్నబడాలని లేదు. కింద కూర్చుని నా అంతట నేను లేవాలి. దానికి ఆ బైపాస్ పనికొచ్చిద్దా?”

“నూటికి నూరుపాళ్ళని చెప్పలేను. కానీ పనికొస్తుందనే అనుకుంటున్నాను” అన్నారు డాక్టరు గారు.

ఆవిడ ఏదో అనబోయింది. ఈలోపు వీరయ్య గారు తువ్వాలు భుజం మీద వేసుకుని ముందుకి జరిగారు.

“హైదరాబాదు ఎప్పుడెళ్దామండీ?” అని అడిగారు.

కల్లాం పనులు అయ్యాక వెళ్ళారు. మురళి గారు మాటిచ్చినట్టే వెంట వెళ్ళారు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు నీరసంతో అవస్థపడింది, నాకు ఫోను చేసి తిట్లన్నీ నా మీద కుమ్మరించింది. మాత్రలు మాత్రం తప్పలేదు. వీరయ్య గారే చేతిలో పెట్టి, మింగే దాకా ఎదురుగా నిలబడేవారట.

ఆవిడ రెండు సార్లూ అడిగింది ఆ బైపాసే. మొదటిసారి తిండి లేని భయంతో అడిగింది, రెండోసారి కడుపునిండా తిన్నాక ఆలోచించుకుని అడిగింది. మొదటిసారే మేం సరేనని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమే. అప్పటినుంచి రివిజన్ కోసం ఎవరొచ్చినా, వాళ్ళు కాస్త తిని తేరుకున్నాక మంచం పక్కన కూర్చుని ఒకటే అడుగుతాను, నయమయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారని. బరువెంత తగ్గాలో చెప్పేవాళ్ళు కూడా ఈ ప్రశ్నకి కాసేపు ఆలోచిస్తారు. వాళ్ళు చెప్పింది డాక్టరు గారికి చెప్తాను.

ఆ పై ఏడు కల్లాలప్పుడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నానని ఆవిడ ఫోనులో చెప్పి, రమ్మని రమ్మని వేధిస్తే వాళ్ళ ఊరు వెళ్ళాను. కళ్ళు చెదిరేంత ఎరుపు, ముక్కు పగిలే ఘాటు. ఆ ఎరుపు మధ్యలో ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని గుంపుగా కూర్చున్నారు. అందులో సాంబ్రాజ్యమ్మ ఎవరో వెంటనే పోల్చుకోలేకపోయాను. అంత దూరం వెళ్ళిన దాన్ని, లేచి ఎదురొస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను చూసింది. నవ్వింది. కానీ లేవలేదు. చెయ్యెత్తి నన్ను అక్కడే ఆపి, మళ్ళీ పక్కావిడ వైపు ఒరిగింది.

“ఉండమ్మాయ్, ఒక్క క్షణం! ఈ ముక్క విననీ.”